మాల వేసుకున్నప్పుడు మానేశాడు కదా

మా అన్నయ్యకు తాగుడు వ్యసనంగా మారిందన్న సంగతి ఇంట్లో ఎవరమూ ఒప్పుకోకుండా ఉండడానికి ఏళ్ల తరబడి అక్కరకొచ్చిన ఆధారం అయ్యప్ప దీక్ష. ఏటా కార్తీకమాసంలో మాల వేసుకుని, 41 రోజులూ తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, ఒంటిపూట భిక్ష, నేల మీద పడక నియమం తప్పకుండా పాటించేవాడు. ఆ మండలం రోజుల్లో మద్యం ముట్టుకున్నాడని గిట్టనివాళ్లు కూడా అనలేరు. ఇరుముడితో శబరిమల వెళ్లివచ్చి మాల తీసిన నాటి సాయంత్రమే మళ్లీ మొదలయ్యేది. అయినా ఆ సాయంత్రం గురించి మాట్లాడడం కంటే గడిచిన 41 రోజుల గురించి మాట్లాడుకోవడం అందరికీ సుఖంగా ఉండేది. "వ్యసనమే అయితే అన్ని రోజులు ఎలా ఉండగలిగాడమ్మా?" అని అమ్మ అడిగితే వదిన దగ్గర జవాబు ఉండేది కాదు. "కావాలనుకుంటే మానగలనని ఏటా చేసి చూపిస్తూనే ఉన్నాను, ఇంకేం నిరూపించాలి?" అని అన్నయ్య అనేవాడు. తను అబద్ధమాడుతున్నాడని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు.

అన్నయ్య చదివి, పెట్టమని చెప్పిన తరువాతే దీన్ని ఇక్కడ పెడుతున్నాను. ఊరు, ఉద్యోగం, ఆసుపత్రి పేరు రాయవద్దని మాత్రం కోరాడు.

వ్యసనాన్ని ఒప్పుకోకపోవడమంటే తాగే మనిషి మొండితనమని సాధారణంగా అనుకుంటాం. మా ఇంట్లో నేను చూసినది అలా లేదు. అది ఇంటిల్లిపాదీ కలిసి, ఎవరి వంతు వాళ్లు చేర్చుకుంటూ, ప్రేమతోనే కట్టుకున్న గోడ. ఉద్యోగంలో ఒక్క మెమో కూడా లేని మనిషి, ఇంటి వాయిదాలు ఏనాడూ ఆలస్యం చేయని మనిషి, పండగకు అక్కచెల్లెళ్లకు చీరలు మరిచిపోని మనిషి తాగుబోతు ఎలా అవుతాడన్నది నాన్నగారి వాదన. మగవాడన్నాక ఆ మాత్రం ఉంటుందన్నది మేనమామ వాదన. ఉదయం లేవలేకపోయిన రోజు ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని చెప్పడం వదిన వంతు. తాగుబోతు అన్న మాట వినగానే అందరి కళ్లముందూ మెదిలేది వైన్‌షాపు పక్కన స్పృహ లేకుండా పడి ఉండే మనిషి. అన్నయ్య అలా పడి ఉండడు కాబట్టి ఆ మాట తనకు వర్తించదు. తన కంటే ఎక్కువ తాగే మనిషి ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటాడు కనుక, ఆ పోలిక ఎన్నేళ్లయినా పనికొస్తూనే ఉంటుంది.

ఇందులో మన ప్రాంతపు చరిత్ర కూడా కొంత కలిసి ఉందని నా నమ్మకం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమె తోటి మహిళలు సారా దుకాణం ముందు నిలబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. రెండేళ్లకే, 1997లో, ఆ నిషేధాన్ని సడలించారు. ఆ స్త్రీలు తమ ఇంట్లో రాత్రిపూట ఏం జరుగుతోందో నలుగురి ముందు నోరు విప్పి చెప్పారు. ఉద్యోగస్తుల ఇళ్లలో మాత్రం ఆ నోరు ఈ రోజుకీ విప్పలేదు. సారా కూలివాళ్ల సమస్య, సీసాలో వచ్చే విస్కీ హోదాకు గుర్తు అన్న భేదం మా తరంలో చాలామంది మనసుల్లో పాతుకుపోయింది. కాలేయానికి ఆ భేదం తెలియదు.

కొలతల దగ్గర కూడా ఇదే కథ. "బీరే కదా" అన్న మాటను లెక్కలోకి దించి చూద్దాం. మన దగ్గర అమ్మే విస్కీలో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులో దాదాపు 20 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 60 గ్రాములు దాటుతుంది. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 41 గ్రాములు, అంటే రెండు లార్జ్ పెగ్గులంత. "ఈ రోజు మందు జోలికి పోలేదు, రెండు బీర్లతో సరిపెట్టుకున్నాను" అని నిజాయితీగా చెప్పే మనిషి నిజానికి ఒక క్వార్టర్ కంటే ఎక్కువే తాగాడు. ఆ లెక్క అన్నయ్యకూ తెలియదు, వదినకూ తెలియదు, నేను కాగితం మీద వేసి చూసేదాకా నాకూ తెలియదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది జ్ఞాపకాల సంగతి. ముందు రాత్రి జరిగినదాని గురించి పొద్దున్నే గొడవ జరిగినప్పుడు అన్నయ్య ముఖంలో కనిపించే ఆశ్చర్యం నటన కాదు. రక్తంలో ఆల్కహాల్ వేగంగా పెరిగినప్పుడు మెదడులో కొత్త జ్ఞాపకాలను నమోదు చేసే భాగం, హిప్పోకాంపస్, తన పని చేయలేకపోతుంది. మనిషి నడుస్తూనే ఉంటాడు, మాట్లాడుతూనే ఉంటాడు, కంచం తోసేస్తాడు, అరుస్తాడు, కానీ అదేదీ లోపల నమోదు కాదు. మరిచిపోయినదైతే గుర్తు చేయవచ్చు; అసలు నమోదే కానిదాన్ని గుర్తు చేయడం సాధ్యం కాదు. తాగే మనిషికి మిగిలేది సాయంత్రపు మొదటి గంట: స్నేహితులు, నవ్వులు, తేలికైన ఒళ్లు. ఇంట్లోవాళ్లకు మిగిలేది చివరి గంట. ఇద్దరూ ఒకే రాత్రి గురించి వాదించుకుంటున్నామని అనుకుంటారు గానీ, వాళ్ల దగ్గరున్నవి రెండు వేరు వేరు రాత్రులు. భార్య గోరంతలు కొండంతలు చేస్తోందని భర్తకు నిజంగానే అనిపిస్తుంది. భర్త కావాలని బుకాయిస్తున్నాడని భార్యకు నిజంగానే అనిపిస్తుంది.

ఇక ఆ దీక్ష ఎందుకు రుజువు కాదో చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన ఆడిట్ అనే ప్రశ్నావళి ఉంది. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. ఎన్నిసార్లు తాగుతారు, ఎంత తాగుతారు, మొదలుపెట్టాక ఆపలేకపోయిన సందర్భాలు ఎన్ని, చేయవలసిన పని తాగుడు వల్ల తప్పిపోయిందా, లేవగానే ఒక గుక్క పడితేగాని కుదుటపడని రోజులు ఉన్నాయా, తరువాత అపరాధభావం కలిగిందా, ముందు రాత్రి గుర్తు లేకపోయిందా, ఎవరికైనా దెబ్బ తగిలిందా, బంధువో డాక్టరో తగ్గించుకోమని చెప్పారా అన్నవి అందులో ఉంటాయి. కొన్నాళ్లు పూర్తిగా మానేసి ఉండగలరా అన్న ప్రశ్న ఆ పదింటిలో ఎక్కడా లేదు. దేవుడి మీద భక్తి, గురుస్వామి పట్ల గౌరవం, చుట్టూ ఉన్న స్వాముల తోడు, మెడలో మాల ఉన్నప్పుడు నలుగురూ చూస్తారన్న జంకు ఇవన్నీ కలిసి ఒక మనిషిని మొదటి గుక్క నుంచి కొంతకాలం కాపాడగలవు. వ్యసనం అసలు పరీక్ష మొదటి గుక్క తరువాతే. రోజూ రాత్రి ఒక క్వార్టర్ తాగే మనిషికి ఆ ప్రశ్నావళిలో మొదటి మూడు ప్రశ్నలకే 10 మార్కులు పడతాయి. 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తేనే హానికరమైన తాగుడుగా లెక్కిస్తారు. 20 గానీ ఆపైన గానీ వస్తే వ్యసనం ఉండవచ్చని వైద్యుడి పరీక్షకు పంపుతారు.

పైగా ఆ దీక్షలో మొదటి మూడు నాలుగు రోజులు ఎలా గడిచేవో మేమెవరమూ సరిగ్గా చూడలేదు. భిక్ష దగ్గర చేతులు వణికితే చన్నీళ్ల స్నానం వల్ల అనుకున్నాం. రాత్రి నిద్ర పట్టకపోతే నేల పడక అలవాటు లేక అనుకున్నాం. చెమటలు పడితే ఒంటిపూట తిండి వల్ల నీరసమనుకున్నాం. ప్రతి లక్షణానికీ నియమాల్లోనే ఒక కారణం దొరికేది. ఆ కారణాలు ఏటా సరిపోతూ వచ్చి, ఒక ఏడాది సరిపోలేదు. మాల వేసుకున్న రెండో రాత్రి దాటాక అన్నయ్య పక్కబట్ట మీద లేని చీమలను దులపడం మొదలుపెట్టాడు. గోడ వైపు చూసి ఎవరితోనో మాట్లాడాడు. తను ఎక్కడ ఉన్నాడో చెప్పలేకపోయాడు. ఒళ్లు కాలిపోతోంది. దీక్షలో ఏదో దోషం జరిగిందని, శాంతి చేయించాలని పెద్దవాళ్లు అన్నారు. కబురందుకుని వచ్చిన గురుస్వామి గారు మాత్రం గుమ్మంలో నిలబడి అన్నయ్య చేతులు చూసి, "ఇది స్వామి ఆగ్రహం కాదమ్మా, మందు ఒక్కసారిగా ఆపినందుకు వచ్చింది, ముందు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అన్నారు. ఎన్నో మండలాలు ఎందరికో మాల వేసిన ఆయన ఇంతకుముందు కూడా చూసే ఉంటారు. ఆ మాట అన్నందుకు ఆయనకు మా కుటుంబం రుణపడి ఉంది.

తరువాత డాక్టర్లు చెప్పగా తెలుసుకున్నది వివరంగా రాయడం అవసరం, ఎందుకంటే ఇంట్లో తలుపు గడియపెట్టి మాన్పించాలని చూసేవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు ఆల్కహాల్ కలిగించే మందగమనానికి ఎదురుగా తన ఉద్రేకాన్ని పెంచుకుని ఉంటుంది. ఆల్కహాల్ ఒక్కసారిగా ఆగిపోతే ఆ ఉద్రేకం మాత్రమే మిగులుతుంది. చివరి గుక్క తరువాత 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ, ఆందోళన మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపించి, జ్వరం, రక్తపోటు పెరుగుతాయి. డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితికి చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. చికిత్సలో క్లోర్‌డయాజెపాక్సైడ్, లోరాజెపామ్ వంటి మందులను ముందు తగినంత ఇచ్చి, తరువాత క్రమంగా తగ్గిస్తారు. వాటితోపాటు థయమిన్, అంటే బీ1 విటమిన్, ఇంజెక్షన్ రూపంలో ఇస్తారు. తాగేవాళ్ల ఒంట్లో థయమిన్ అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో ముందు థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు శాశ్వతమైన దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. నీరసంగా ఉన్నాడని వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర ఒక గ్లూకోజు సెలైన్ పెట్టించడం మన ఊళ్లలో ఎంత మామూలో తలచుకుంటే నాకు భయం వేస్తుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల మద్యం దుకాణాలు, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి లక్షణాలతో రోగులు పెద్దసంఖ్యలో వచ్చారు. వాళ్లలో కల్లు తాగేవాళ్లు కూడా చాలామంది. తెలంగాణలో కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మిన కేసులు ఏళ్లుగా బయటపడుతూనే ఉన్నాయి. చెట్టు నుంచి దించిన కల్లు ఆరోగ్యానికి మంచిదని నమ్మి తాగే మనిషి తనకు తెలియకుండానే నిద్రమాత్రలకు బానిస అవుతాడు. అది ఆగినప్పుడు వచ్చే పిచ్చిచూపులకు గాలి సోకిందని పేరు పెడతారు.

ఆసుపత్రిలో ఒళ్లు కుదుటపడ్డాక కూడా అన్నయ్య ఒప్పుకోలేదు. చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషికి కళ్లు తెరుచుకుంటాయని మేము ఆశపడ్డాం. ఉపవాసం, చలి, పని ఒత్తిడి కలిసి అలా జరిగిందని తను చెప్పాడు. నాన్నగారు గట్టిగా మందలించారు. మేనమామ బిడ్డ మీద ఒట్టు వేయించుకోవాలన్నాడు. ఎంత గట్టిగా అంటే అంత గట్టిగా అన్నయ్య తన వాదన చెప్పాడు, చెబుతున్నకొద్దీ ఆ వాదన తనకే మరింత నిజమనిపిస్తున్నట్టు నాకు తోచింది. ఇది మా ఇంటి విచిత్రం కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో విలియం మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983 నుంచి ఈ సంగతే పరిశీలిస్తూ వచ్చారు. 1993లో ఆయన, సహచరులు ప్రచురించిన అధ్యయనంలో కౌన్సెలర్ ఎంత ఎక్కువగా ఎదిరించి నిలదీస్తే ఏడాది తరువాత ఆ మనిషి అంత ఎక్కువగా తాగుతున్నట్టు కనిపించింది. ఒప్పుకోకపోవడం తాగే మనిషి స్వభావంలోనే ఉన్న లోపమని నేను అనుకునేదాన్ని. అందులో కొంత భాగం మనం మాట్లాడే తీరు వల్ల కూడా పుడుతుంది.

అన్నయ్యను చూసిన సైకియాట్రిస్టు గారు తాగుబోతు, వ్యసనం అన్న మాటలు మొదటి రోజు అసలు ఎత్తలేదు. పైన చెప్పిన పది ప్రశ్నలూ అడిగి, మార్కులు అన్నయ్య చేతనే కూడించారు. రక్తపరీక్షలో కాలేయానికి సంబంధించిన అంకెలు ఎలా ఉన్నాయో, ఎలా ఉండాలో పక్కపక్కన పెట్టి చూపించి, "మీకు ఏమనిపిస్తోంది?" అని ఊరుకున్నారు. తరువాత మద్యం మానడం మీకు ఎంత ముఖ్యమో 0 నుంచి 10 లోపు ఒక అంకె చెప్పమన్నారు. అన్నయ్య 3 అన్నాడు. ఆ గదిలో ఉన్న వదిన ముఖం పాలిపోయింది. ఆయన మాత్రం, "మరి 0 ఎందుకు కాలేదు? ఆ మూడూ దేనికి?" అని అడిగారు. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మా అమ్మాయి రాత్రి ఏడు దాటాక లెక్కలు అడగడానికి నా దగ్గరికి రావడం మానేసింది" అన్నాడు. ఎవరూ ఒట్టు వేయించుకోకుండా, ఎవరూ నిలదీయకుండా, తన నోటితో తను చెప్పిన మొదటి కారణం అది. మానవలసిన కారణాలు మేము ఏళ్లుగా చెబుతూనే ఉన్నాం. అవన్నీ మా కారణాలు.

కుటుంబం చేయగలిగింది ఏమీ లేదని దీని అర్థం కాదు. మిల్లర్, మేయర్స్, టోనిగన్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్సకు రానని భీష్మించిన మనుషుల ఇంట్లోవాళ్లకు మూడు రకాలుగా శిక్షణ ఇచ్చి చూశారు. బంధువులంతా కూర్చుని ముఖాముఖి నిలదీసే పద్ధతిలో 30 శాతం మంది చికిత్సకు వచ్చారు. ఇంట్లోవాళ్లు తమ మనశ్శాంతి మాత్రం చూసుకునే పద్ధతిలో 13 శాతం మంది వచ్చారు. తాగని వేళ ఆప్యాయంగా ఉండడం, తాగిన వేళ దూరంగా జరగడం, తాగుడు తెచ్చిన ఇబ్బందులను కప్పిపుచ్చకుండా ఆ మనిషికే వదిలేయడం, సరైన సమయం చూసి చికిత్స మాట ఎత్తడం నేర్పిన క్రాఫ్ట్ అనే పద్ధతిలో 64 శాతం మంది వచ్చారు. మన బంధువుల పంచాయితీలు మొదటి పద్ధతికి దగ్గరగా ఉంటాయి, అదీ ఏ శిక్షణా లేకుండా.

సైకియాట్రిస్టు గారిని కలిసిన ఆ రోజు నుంచి వదిన ఆఫీసుకు ఫోన్ చేయడం మానేసింది. "నువ్వు లేవలేకపోతే నువ్వే చెప్పుకో, నేను అబద్ధం చెప్పను" అని ఒకే ఒక్కసారి, అన్నయ్య మత్తులో లేని ఉదయం పూట, మెల్లగా చెప్పింది. రాత్రి తాగి ఉన్నప్పుడు ఒక్క మాటా వాదించకుండా పిల్లను తీసుకుని వేరే గదిలోకి వెళ్లిపోయేది. మాట్లాడవలసి వస్తే, "నువ్వు ఇలాంటివాడివి" అనకుండా "శుక్రవారం రాత్రి బండి మీద పిల్లను తీసుకొచ్చావు, నాకు భయం వేసింది" అని జరిగిన ఒక్క సంగతే చెప్పేది. చెప్పడానికి ఇది చిన్న విషయంలా ఉంటుంది. ఏళ్ల కోపం గొంతులో ఉన్న మనిషికి అది ఎంత కష్టమో నేను దగ్గరుండి చూశాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. "తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పించబడును" అన్న గోడరాతలు, బస్టాండు కాగితాలు చూడని తెలుగువాళ్లు ఉండరు. ఆ పొట్లాల్లో ఏముందో కొనేవాళ్లకు తెలియదు. డాక్టర్ల చీటీతో దొరికే డైసల్ఫిరామ్ మాత్రను కూడా కూరలోనో సాంబారులోనో కలిపి పెట్టే ఇళ్లు ఉన్నాయి. ఆ మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె వేగం పెరిగి, రక్తపోటు పడిపోతుంది. కొందరికి ప్రాణాంతకం కావచ్చు. తెలిసి, ఒప్పుకుని, కాలేయం, గుండె పరీక్షలు చేయించుకుని వాడేవాళ్లకు అది ఉపయోగపడే మందే. తెలియకుండా పెడితే అది విషప్రయోగంతో సమానమని నా అభిప్రాయం. తాగాలన్న తపన తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు కూడా ఉన్నాయి. ఏది ఎవరికి సరిపోతుందో డాక్టరే చెప్పాలి.

అలాగే డీఅడిక్షన్ సెంటర్ అని బోర్డు ఉన్న ప్రతి చోటూ ఆసుపత్రి కాదు. మాకు ఎవరో చెప్పిన ఒక కేంద్రానికి వదిన, నేను వెళ్లి చూశాం. లోపల సైకియాట్రిస్టు లేరు, నెలల తరబడి ఫోన్ కూడా ఇవ్వబోమని, మనిషిని రాత్రిపూట వాళ్లే వచ్చి ఎత్తుకెళతామని గర్వంగా చెప్పారు. మేము వెనక్కి వచ్చేశాం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా తన పరిధిలో చేర్చింది. మనిషిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని చెప్పింది. గంజాయి, ఇతర మత్తుమందుల విషయంలో పోలీసు కేసు భయంతో కాలేజీ పిల్లల తల్లిదండ్రులు ఆసుపత్రి గడప తొక్కరు. "సిగరెట్టు లాంటిదే" అని పిల్లలు అంటే అదే నమ్మి ఊరుకుంటారు. మత్తుమందుల నియంత్రణకు 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, తాను వాడినందుకో స్వల్ప పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసును ఎదుర్కొంటున్న వ్యసనపరుడు గుర్తింపు పొందిన చోట స్వచ్ఛందంగా చికిత్స తీసుకుని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. అమ్మకాలకు అది వర్తించదు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ నిర్వహించి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగిలిన 37 మంది ఇళ్లలోనూ మా ఇంట్లో నడిచిన మాటలే నడుస్తూ ఉంటాయని నేను అనుకుంటున్నాను.

అన్నయ్య కథ ఒక్క ఊపులో ముగియలేదు. కొన్ని నెలలు బాగా ఉన్నాక ఒక పెళ్లిలో మళ్లీ తాగాడు. పూర్వమైతే "ఒక్క రోజే కదా" అని అమ్మ, "చూశావా, నేను చెప్పలేదూ" అని నాన్నగారు అనేవారు. ఈసారి ఎవరూ ఆ రెండు మాటలూ అనలేదు. మర్నాడు అన్నయ్య తనంతట తనే డాక్టరు గారికి ఫోన్ చేసి, పెళ్లి భోజనాల తరువాత స్నేహితుల గదిలోకి వెళ్లడం దగ్గరే తప్పు జరిగిందని చెప్పాడట. మళ్లీ తాగడమంటే చికిత్స వృథా కావడం కాదని, చక్కెర వ్యాధిలాగే ఇది కూడా మళ్లీ మళ్లీ చూసుకోవలసిన జబ్బని ఆయన మాకు ముందే చెప్పి ఉండడం ఎంతో మేలు చేసింది. ఇప్పుడు వారానికోసారి ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశానికి వెళుతున్నాడు. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో, తాగుడుతో నలిగిపోయిన ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జన్ కలిసి మొదలుపెట్టిన సంఘం అది. అక్కడ ఇంటిపేరు అడగరు, రుసుము అడగరు. తన లాంటి ఉద్యోగస్తుడు ఒకరు లేచి నిలబడి, "నేను కూడా ఏటా మాల వేసుకునేవాణ్ని" అని చెప్పినప్పుడు తనకు ఊపిరి ఆడినట్టయిందని అన్నయ్య నాతో అన్నాడు.

వదినకు వేరే సాయం అవసరమైంది. అన్నయ్య తాగడం మానేశాక కూడా సాయంత్రం ఏడు దాటితే ఆమె చెవులు గేటు చప్పుడు మీదే ఉండేవి, నిద్ర పట్టేది కాదు. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో స్థాపించిన టీటీకే ఆసుపత్రిలో కుటుంబసభ్యులకు విడిగా చికిత్సా కార్యక్రమం నడుపుతారని చదివినప్పుడు, మన దగ్గర ప్రతి జిల్లాలోనూ అలాంటిది ఉండాలని గట్టిగా అనిపించింది. వదిన ప్రస్తుతం ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళుతోంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ల కోసం: మత్తు వ్యసనాల విషయంలో కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోన్ నంబరు 14446. మానసిక ఆరోగ్యానికి సంబంధించిన టెలీమానస్ నంబరు 14416. 2022లో మొదలైన ఈ సేవ 24 గంటలూ అందుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని సైకియాట్రీ విభాగాలు కూడా ఈ కేసులు చూస్తాయి. వెళ్లే ముందు రోజూ ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు తాగారు, ఇంతకుముందు ఆపినప్పుడు వణుకు గానీ ఫిట్స్ గానీ వచ్చాయా, ఏ మందులు వాడుతున్నారు అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. ఫోన్ చేసేది తాగే మనిషే కానవసరం లేదు. తను రానన్నా సరే, భార్యో తల్లో చెల్లెలో ముందుగా మాట్లాడి, ఇంట్లో ఎలా మసలుకోవాలో అడిగి తెలుసుకోవచ్చు.